శోధన అనే మాట



'శుధ్' ధాతువు నుంచి వచ్చిన 'శోధన' అనే మాటకు వెదకడమనీ, శుద్ధి చేయడమనీ రెండర్థాలు. తరగతి గదిలో ఎన్నో ఏళ్లు ఈ మాట చెప్పాను గాని, ఆ రెండూ ఒకే పనిలో ఎలా కలుస్తాయో ఇన్సులిన్ చరిత్ర చదివాకనే నాకు బోధపడింది.

1970లలో మా మేనత్త ఇన్సులిన్ వేయించుకొనేది. గాజు సిరంజిని గిన్నెలో మరిగించడం నా వంతు. సూది పడిన చోటల్లా ఆమె తొడపై గుంటలు పడ్డాయి. 'ఒంటికి మందు పడలేదు' అనుకొనేవాళ్లం. పశువుల, పందుల క్లోమం నుంచి తీసిన ఆనాటి మందులో మిగిలిన మలినాలే ఆ గుంటలకు ముఖ్యకారణమని చాలా కాలానికి తెలిసింది. అది దేని నుంచి వస్తుందో మాత్రం, మడీ ఆచారమూ తప్పని ఆమెకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

ఇన్సులిన్ అనగానే మనకు బాంటింగ్, బెస్ట్‌ల పేర్లు స్ఫురిస్తాయి. వారు టొరంటోలో తయారుచేసిన క్లోమసారాన్ని 1922 జనవరి 11న లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి ఎక్కించారు. రక్తంలో చక్కెర కొంత తగ్గింది. సూది వేసిన చోట గడ్డ లేచింది. ఆ సారాన్ని ఇక ఇవ్వలేదు. వెదకడం అయింది, శుద్ధి చేయడం మిగిలింది. ఆ పని జేమ్స్ కాలిప్ అనే జీవరసాయనవేత్తది. ఆల్కహాల్ గాఢతను కొద్దికొద్దిగా పెంచుతూ పోతే తక్కిన మాంసకృత్తులు ముందే అడుగున పేరుకొంటాయనీ, 90 శాతం దాటాక అసలు పదార్థం విడివడుతుందనీ అతడు కనిపెట్టాడు. జనవరి 23న అదే బాలుడికి ఈ కొత్త సారం ఇచ్చారు. ఒక్క రోజులో చక్కెర 520 నుంచి 120కి దిగింది.

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. కాని ఆ వసంతంలో ఎక్కువ మొత్తంలో చేయబోతే, కాలిప్ తన చేతులతో చేసినదాన్నే తిరిగి చేయలేకపోయాడు. వారాలు గడిచాయి. మందు ఉందని తెలిసీ, రోగులు కళ్లెదుటే ఉండీ, ఇవ్వడానికి లేదు! చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేసే ఈ ఘట్టమే నన్ను ఎక్కువగా కలచివేసింది. ఎట్టకేలకు పద్ధతి మళ్లీ చిక్కింది. ఆ ఏడాది చివర ఇండియానాపొలిస్‌లోని లిల్లీ కంపెనీలో జార్జ్ వాల్డెన్, ద్రావణపు ఆమ్లత్వాన్ని సరిగ్గా ఒక స్థాయికి తెచ్చి ఇన్సులిన్‌ను విడదీసే ఉపాయం కనుగొన్నాక శుద్ధీ, దిగుబడీ కలిసి పెరిగాయి. 1923 నోబెల్ బాంటింగ్, మెక్లాయిడ్‌లకు వచ్చింది. మెక్లాయిడ్ తన సొమ్ములో సగం కాలిప్‌కు ఇచ్చాడు. న్యాయమే అనిపిస్తుంది నాకు.

ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాల వరుసను 1955 నాటికి సాంగర్ తేల్చాడు. వరుస తెలిశాక కూర్చాలన్న కోరిక సహజం. 1963-65 మధ్య జర్మనీ, అమెరికా, చైనా బృందాలు కూర్చాయి కూడా. 21 పూసల గొలుసొకటి, 30 పూసల గొలుసొకటి విడివిడిగా చేసి కలపాలి. వాటిలోని ఆరు గంధకపు కొసలు జంటలుగా కలిసే విధాలు 15. అందులో ఇన్సులిన్ అయ్యేది ఒక్కటే. దిగుబడి అత్యల్పం. చివరకు బాక్టీరియాకే ఆ పని అప్పగించారు; అలా తయారైన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో 1982లో అనుమతి లభించింది.

రసాయనవేత్తల వంతు పొట్టి గొలుసులతో వచ్చింది. మెరిఫీల్డ్ 1963లోనే ఒక సులువు చెప్పాడు: మొదటి అమైనో ఆమ్లాన్ని రెజిన్ గుళికకు అంటించి, ఒక్కొక్కటే చేరుస్తూ, ప్రతిసారీ కడగడం. మిగిలిపోయినవి నీళ్లలా జారిపోతాయి. కాని చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక పూస దాటిపోయిన గొలుసు కూడా గుళికను పట్టుకొనే ఉంటుంది, ఎంత కడిగినా పోదు. 2022లో అమెరికాలో అనుమతి పొందిన మధుమేహపు మందు టిర్జెపటైడ్‌లో 39 అమైనో ఆమ్లాలు, అంటే 38 అతుకులు. ప్రతి అతుకూ నూటికి 99 వంతులు కుదిరినా చివరకు సరైన గొలుసులు 68 మాత్రమే. 95 వంతులే కుదిరితే 14! తక్కినవి ఒక అక్షరం జారిన పద్యాల వంటివి. చూపుకు అసలుదానిలాగే ఉంటాయి, క్రొమటోగ్రఫీ స్తంభంలోనూ దాని వెన్నంటే నడుస్తాయి. వాటిని వేరుచేయబోతే మంచిదీ కొంత పోతుంది. శుద్ధి పెంచితే దిగుబడి తగ్గే పేచీ ఇదే.

ఆనాటి లిల్లీ కంపెనీయే ఈ మందును కిలోల లెక్కన చేసిన విధానాన్ని 2021లో ప్రచురించింది. గొలుసును నాలుగు ముక్కలుగా గుళికలపై విడివిడిగా కట్టి, తర్వాత ద్రావణంలో అతికారు. పొట్టి ముక్కలో జారే పూసలు తక్కువ. అతికే ముందే ఏ ముక్కకాముక్కను పరీక్షించుకోవచ్చు. మన తాళపత్ర లేఖకుడు గ్రంథమంతా ముగిశాక దిద్దబోక, ఆకు ఆకునూ సరిచూసుకొని దారానికి గుచ్చినట్లు.