ఇందిరాగాంధీ కారూ, ఎస్సై నిర్మల్ సింగూ

కిరణ్ బేడీ ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కారుని క్రేనుతో ఎత్తించేసింది అన్న కథ మన తరంలో విననివాళ్లుండరు. బళ్లో మాస్టారు చెప్పారు, తర్వాత ఆఫీసు మెయిల్లో ఫార్వర్డుగా వచ్చింది, నేనూ ఓ పదిమందికి పంపాను. ఆ మెయిల్ ప్రకారం ఇందిరమ్మ చూస్తుండగానే బేడీ దగ్గరుండి గొలుసులు కట్టించేసింది. అసలు జరిగింది వేరు. నాకైతే అసలుదే ఎక్కువ నచ్చింది.

1982 నవంబరులో ఢిల్లీలో ఏషియాడ్. మనకి గుర్తున్నది అప్పు ఏనుగూ, కలర్ టీవీ. ఢిల్లీవాళ్లకి మాత్రం అంతకుముందు నెలల తరబడి నరకమే. స్టేడియాలు, ఫ్లైఓవర్లు అన్నీ ఒకేసారి కడుతుంటే ఎక్కడ చూసినా దారి మళ్లింపులే. మిగిలిన కాస్త రోడ్డుకీ అడ్డంగా ఆగిన కార్లు. 1981 అక్టోబరులో ట్రాఫిక్ డీసీపీగా వచ్చిన బేడీ గారు, చలానాల బదులు అక్కడికక్కడే జరిమానా వసూలు చేయించడం మొదలుపెట్టారు. అడ్డంగా పెట్టిన బళ్లని లాక్కెళ్లడానికి క్రేన్లు దింపారు. ఎన్ననుకుంటున్నారు? ఆరు. అంతే! దానికే 'క్రేన్ బేడీ' అని పేరు పడిపోయింది.

ఆరు క్రేన్లతో అంత ఊరిని ఖాళీ చేయడం ఏ లెక్కలోనూ కుదరదు. ఒక కారుకి కొక్కెం తగిలించి, తీసుకెళ్లి దింపి, తిరిగొచ్చేలోపు ఆ ఖాళీలో ఇంకోటి వచ్చి చేరుతుంది. మన భాషలో చెప్పాలంటే త్రూపుట్ చాలదు. నిజంగా పని చేసేది భయం. ఇవాళ నా కారే పోవచ్చు అని ప్రతివాడూ అనుకోవాలి. ఫలానావాళ్ల కారు ముట్టుకోరు అని తెలిసిందా, ఇక అందరూ ఆ ఫలానావాళ్లకి తాము ఏ వరసలో చుట్టమో వెతుక్కుంటారు.

1982 ఆగస్టు 5. కన్నాట్ ప్లేస్‌లో యూసఫ్‌జాయ్ మార్కెట్ బయట పెట్టకూడని చోట ఒక అంబాసిడర్ ఆగి ఉంది. సబ్ ఇన్‌స్పెక్టర్ నిర్మల్ సింగ్ దాన్ని ఎత్తించేశారు. అది ప్రధాని ఇంటి కారు. ఇందిరాగాంధీ అందులో లేరు సరికదా, అసలు దేశంలోనే లేరు, అమెరికా పర్యటనకి వెళ్లారు.

తర్వాత ఏమవుతుందో మనం ఊహించుకోగలం. కానీ బేడీ గారూ, ఆవిడ పై అధికారి అశోక్ టాండన్ గారూ ఎస్సై వెనక నిలబడ్డారు. ప్రొడక్షన్‌లో ఏదన్నా పగిలితే "ఎవరు చెకిన్ చేశారు?" అన్నదే మొదటి ప్రశ్నగా ఉండే టీముల్లో పనిచేసినవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో నేను చెప్పక్కర్లేదు. బేడీ గొప్పతనం కారు ఎత్తడంలో లేదు, ఎత్తినవాణ్ణి వదిలేయకపోవడంలో ఉంది. మెయిల్ రాసిన మహానుభావుడు ఉన్న గొప్పని తీసేసి లేని గొప్పని అంటగట్టాడు. పనిలోపని ఎస్సైని కథలోంచే లేపేశాడు.

2015 ఢిల్లీ ఎన్నికల్లో బేడీ గారు బీజేపీ ముఖ్యమంత్రి అభ్యర్థి అయినప్పుడు ఈ కథ మళ్లీ పైకొచ్చింది. కారు ఎత్తింది నిర్మల్ సింగే అని ఆవిడే చెప్పారు. ముప్ఫైమూడేళ్ల తర్వాత ఆ పేరు నేను వినడం అదే మొదలు.

1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ చూడండి. నిషేధించిన చోట పెట్టిన బండిని ఎత్తడానికైనా, చక్రానికి క్లాంపు వేయడానికైనా యూనిఫాంలో ఉన్న, ఆ ప్రాంతం మీద అధికారం ఉన్న పోలీసు అధికారి చెప్పాలి. అంటే నిర్మల్ సింగ్ లాంటి ఒక మనిషి రోడ్డు మీద నిలబడి నిర్ణయం తీసుకుని, దానికి జవాబుదారీగా ఉండాలన్నమాట. టోయింగ్ ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లిన బెంగుళూరులో, మనవాళ్లకి బాగా తెలిసిన ఊరే, జనం గోల భరించలేక 2022 ఫిబ్రవరిలో టోయింగునే ఆపేశారు.

ఆ పాత మెయిల్ నేను పంపినవాళ్లలో ఇద్దరు ఇంకా టచ్‌లో ఉన్నారు. మొన్న ఫోన్లో నిర్మల్ సింగ్ పేరు చెప్పాను. "అయితే బేడీ ఏం చేసినట్టురా?" అన్నాడొకడు. పైన రాసిందంతా వాడికి చెప్పిన జవాబే.