చెన్నపట్టణపు రేడియోలో తెలుగు సాయంకాలము

తమిళదేశమున మనవారి తెలుగు పాటలో నిలిచినదని చెప్పుట పరిపాటి. అది సగము సత్యము. త్యాగరాజకృతి పాడుటకు తెలుగు వచ్చియుండ నక్కరలేదు. తమిళలిపిలో వ్రాసికొని పాడువా రెందరో కలరు. అర్థము తెలియకయే రాగము రుచించును. కనుక భాష బ్రదికియున్నదా యని యరయుటకు కచేరీ చాలదు. మాట వినువా రుండవలెను. ఈ పరీక్షకు చెన్నపట్టణపు రేడియో చక్కని తార్కాణము.

1924లో నెలకొన్న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ధనాభావముచే 1927లో మూతపడెను. 1930 నుండి నగర కార్పొరేషనువారు సాయంకాలములందు ప్రసారములు జరిపిరి. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో కేంద్రము వెలసినది. అటుపిమ్మట తెలుగు కార్యక్రమములు మూడు విధములుగా మన యిండ్లకు వచ్చెను: కచేరీ, సంగీతరూపకము, ప్రసంగము.

కచేరీ అందరిదియు. పొరుగింటి తమిళులును మనతో సమముగా, ఒక్కొక్కప్పుడు మనకన్న మిన్నగా, దాని నానందించిరి.

సంగీతరూపకము వేరు. పాశ్చాత్యుల ఆపెరా వంటిది మనకు క్రొత్త గాదు. తంజావూరి నాయకరాజులును, వారి పిదప మరాఠీ మాతృభాషగా గల శాహజీయు తెలుగున యక్షగానములు వ్రాసిరి. మెలట్టూరు భాగవతులు నేటికిని నృసింహజయంతి వేళల తెలుగు నాటకములే యాడుచున్నారు. త్యాగరాజస్వామి నౌకాచరిత్రమును ఈ జాతిదే. అయితే రంగమున వేషము, అభినయము కథను తెలుపును. రేడియోలో అవి లేవు. యక్షగానమున సంధివచనము చేసిన పనిని ఇచట వ్యాఖ్యాత చేయవలెను. 1941లో మద్రాసు కేంద్రమున చేరిన బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటివారు ఈ ప్రక్రియకు ప్రాణము పోసిరి. దరువు రాగముచే నడచినను, నడుమ వచనము తెలియనివానికి కథ తెగిపోవును.

ఇక ప్రసంగము. ఇందు రాగము లేదు, వేషము లేదు; మాట యొక్కటే. తెలుగు మాటలాడుట వచ్చి, అక్షరములు రాని కుటుంబములు దక్షిణమున పెక్కు. వారికి పది నిమిషములు ఎడతెగక సాగు తెలుగు వచనము మరెక్కడ దొరకును? అందలి పలుకుబడి కృష్ణా గోదావరీ తీరముల విద్యావంతులది. మన యింటిమాటలో తమిళము కలసినది, ప్రాతపదములును నిలిచినవి. కావున కొన్ని మాటలు వింతగా తోచుట సహజమే. కాని వింతగా తోచిన భాషను తమదే యని కూర్చుండి వినుట చిన్న విషయము గాదు.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ఆరంభమయ్యెను. తెలుగు ప్రసారములకు సొంతగడ్డపై నొక నెలవేర్పడెను. మీడియం వేవు రాత్రివేళ దూరము పోవును గనుక, చీకటి పడిన పిదప గరగరల నడుమ ఆ కంఠమును వెదకుకొనుట మన యిండ్లలో నొక యలవాటయ్యెను.

ఆనాటి ప్రసంగములు పెక్కు అప్పటికప్పుడు చదివినవే, ధ్వనిముద్రణకు నోచుకొనలేదు. కృతులు నేటికిని వినబడుచున్నవి. ప్రసంగములు విన్న పెద్దలను మాత్రము ఊరూర అడిగి వ్రాసికొనవలసియున్నది. మధుర, కోయంబత్తూరు ప్రాంతముల ఈ పని మొదలు పెట్టవచ్చును.