గృహవిద్యలో తండ్రి ఆదర్శం, బిడ్డ అభీష్టం: దక్షిణాఫ్రికాలో గాంధీ కుటుంబం

పిల్లలను బడికి పంపకుండా ఇంటివద్దనే చదివించే పద్ధతిని నేడు హోమ్ స్కూలింగ్ అని వ్యవహరిస్తున్నారు. దీనిపై చర్చ సాధారణంగా అమెరికా రచయిత జాన్ హోల్ట్ 1977లో ప్రారంభించిన 'గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్' పత్రికతో మొదలవుతుంది. బిడ్డ జిజ్ఞాసను అనుసరించే చదువు సాగాలన్నది హోల్ట్ వాదం. తల్లిదండ్రుల మార్గదర్శనం ఎక్కడ ఆగాలి, బిడ్డ ఇష్టం ఎక్కడ మొదలవాలి అన్న ప్రశ్న మాత్రం అంతకు 80 ఏళ్ల ముందే దర్బన్‌లో ఒక భారతీయ కుటుంబానికి ఎదురైంది. ఆ కుటుంబం మోహన్‌దాస్ గాంధీది. గాంధీ విద్యాచింతన అనగానే 1937 నాటి వార్ధా పథకాన్ని ప్రస్తావించడం మన విద్యాచరిత్ర రచనలో పరిపాటి. ఆ చింతన తొలుత ఆయన సొంత బిడ్డలపైనే ప్రయోగమైందన్న సంగతికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు.

1897 జనవరిలో దర్బన్‌లో దిగేనాటికి గాంధీ వెంట ముగ్గురు బాలురున్నారు: 1888లో పుట్టిన హరిలాల్, 1892లో పుట్టిన మణిలాల్, పదేళ్ల మేనల్లుడు గోకుల్‌దాస్. యూరోపియన్ పిల్లల బడిలో వీరికి ప్రవేశం దొరకకపోదు. కాని అది ప్రత్యేకానుగ్రహంగా దొరికే ప్రవేశం. తక్కిన భారతీయుల పిల్లలకు అక్కడ చోటు లేదు. క్రైస్తవ మిషన్ల బడులలోని బోధన ఆయనకు నచ్చలేదు. చివరకు నెలకు 7 పౌండ్ల జీతంపై ఒక ఆంగ్ల ఉపాధ్యాయినిని నియమించి, తాను వీలైనప్పుడల్లా గుజరాతీ నేర్పారు. తోటివారికి లేని మినహాయింపును తన బిడ్డలకు కోరకపోవడం రాజకీయంగా ఉన్నతమైన నిర్ణయమే. దాని మూల్యం చెల్లించినవారు మాత్రం ఆ నిర్ణయంలో ఏ పాత్రా లేని పసివారు.

జోహన్నెస్‌బర్గ్ కాలంలో హరిలాల్ భారతదేశంలో ఉండగా, తక్కిన కుమారులు తండ్రితో కలిసి కార్యాలయానికి నడిచి వెళ్లేవారు. రానుపోను సుమారు 5 మైళ్లు. దారిలో సాగే సంభాషణే పాఠం. ఆఫీసులో మరొకరు ఆయన్ను పనిలోకి లాగకపోతేనే ఆ పాఠం కొనసాగేది. రోజూ ఒక గంట క్రమం తప్పక అక్షరవిద్యకు కేటాయించగలిగి ఉంటే తాను ఆదర్శవిద్యను ఇచ్చి ఉండేవాడినని 'సత్యశోధన'గా తెలుగువారికి పరిచితమైన ఆత్మకథలో ఆయన రాసుకున్నారు. నేటి పరిభాషలో ఈ నడకపాఠాన్ని సహజ అధ్యయనమనవచ్చు. అయితే పిల్లల జిజ్ఞాసకు దొరికిన వేళ తండ్రి వృత్తి మిగిల్చిన వేళ మాత్రమే. భాష విషయంలోనూ ఇంతే. పిల్లలకు చిన్ననాటినుంచే ఇంగ్లీషు నేర్పాలని మిత్రుడు హెన్రీ పోలక్ గట్టిగా వాదించారు. మాతృభాషలోనే మాట్లాడాలని గాంధీ పట్టుబట్టారు. మాతృభాషా మాధ్యమాన్ని సమర్థించే మనకు గాంధీ పక్షమే నచ్చుతుంది. కాని ఆ వాగ్వాదం ఇద్దరు పెద్దల మధ్య నడిచినదని మరువరాదు.

1910లో హెర్మన్ కాలెన్‌బాక్ సమకూర్చిన సుమారు 1,100 ఎకరాల టాల్‌స్టాయ్ క్షేత్రంలో పరిస్థితి కొంత మారింది. సత్యాగ్రహుల కుటుంబాలకు ఆశ్రయమైన ఆ క్షేత్రంలో గుజరాతీ, తమిళ, ఉత్తర భారతీయులతోపాటు ఆంధ్రదేశంవారు కూడా ఉన్నారు. ఆత్మకథలో పేర్కొన్న బోధ్యభాషలు హిందీ, తమిళం, గుజరాతీ, ఉర్దూ, వీటికితోడు ఇంగ్లీషు. తెలుగు ఆ వరుసలో లేకపోవడం వలసాంధ్రుల చరిత్రపై పరిశోధించేవారు గమనించదగినది. అక్షరవిద్యకు రోజుకు గరిష్ఠంగా మూడు పీరియడ్లు. మిగతా సమయం తోటపని, వంట, చెప్పులు కుట్టడం. ఉపాధ్యాయులు చేయని పనిని పిల్లలకు చెప్పరాదన్నది అక్కడి నియమం. తనకు వచ్చిన తమిళం కొద్దిపాటిదేనన్న సంగతిని గాంధీ తమిళ పిల్లల వద్ద దాచలేదు. ఇక్కడొక వైరుధ్యం స్పష్టమవుతుంది. ఇతరుల బిడ్డల విషయంలో వారి మతం, భాష, ఉపవాసం, ఆహారం అన్నీ సంప్రదింపుతో తేలవలసిన అంశాలయ్యాయి. సొంత బిడ్డల విషయంలో అటువంటి సంప్రదింపు జరిగినట్లు ఆధారాలు సూచించడం లేదు.

1909 మార్చి 25న ప్రిటోరియా జైలునుంచి మణిలాల్‌కు రాసిన లేఖ ఇందుకు మంచి ఉదాహరణ. పదహారేళ్ల కుర్రవాడు తన చదువు గురించి, భవిష్యత్తు గురించి కలవరపడుతున్నాడు. అక్షరజ్ఞానమే విద్య కాదని, శీలనిర్మాణం, కర్తవ్యజ్ఞానం విద్య అని తండ్రి సమాధానం. పొలం పనితోపాటు గణితం, సంస్కృతం, సంగీతంపై శ్రద్ధ పెట్టమన్న సలహా ఉంది. ఆ లేఖలో వాత్సల్యానికి లోటు లేదు. అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

హరిలాల్ ప్రశ్న మరింత సూటిది. 1908నుంచి పలుమార్లు జైలుకు వెళ్లి 'ఛోటే గాంధీ' అనిపించుకున్నవాడతడు. తండ్రి ఆశయానికి విముఖుడని అనలేము. ప్రాణజీవన్ మెహతా ఇంగ్లండు చదువుకు ఇవ్వజూపిన ఆర్థికసాయం తనకు వస్తుందని ఆశించాడు. గాంధీ దాన్ని ఛగన్‌లాల్‌కు, అతడు అనారోగ్యంతో తిరిగివచ్చాక సోరాబ్జీ అడాజానియాకు ఇప్పించారు. 1911లో హరిలాల్ ఇల్లు విడిచి, 23వ ఏట మెట్రిక్యులేషన్ కోసం అహ్మదాబాద్ చేరాడు, ఉత్తీర్ణుడు కాలేదు. 1915లో ముద్రించిన లేఖలో అతని ప్రధానారోపణ డిగ్రీ దక్కలేదన్నది కాదు, కుమారుల అభిప్రాయాలకు తండ్రి విలువ ఇవ్వలేదన్నది. నా దృష్టిలో గాంధీ గృహవిద్యలోని లోపం బోధనాపద్ధతిది కాదు. ఎలా నేర్చుకోవాలన్నదాంట్లో పిల్లలకు కావలసినంత స్వేచ్ఛ ఉంది. ఎందుకు నేర్చుకోవాలన్నది మాత్రం తండ్రి ముందే నిర్ణయించారు. శిశుకేంద్రిత విద్య గురించిన నేటి చర్చలు మొదటి స్వేచ్ఛవద్దే ఆగిపోవడం కద్దు.

బడికి వెళ్లని మణిలాల్ 1920నుంచి 1956లో మరణించేవరకు 'ఇండియన్ ఒపీనియన్' పత్రికకు సంపాదకత్వం వహించాడు. దేవదాస్ 'హిందుస్థాన్ టైమ్స్' సంపాదకుడయ్యాడు. వీరిని చూపి పద్ధతి ఫలించిందనడం, హరిలాల్‌ను చూపి విఫలమైందనడం రెండూ తొందరపాటు తీర్మానాలే. పైగా మనకు లభిస్తున్న వృత్తాంతంలో అధికభాగం 1925నుంచి 'నవజీవన్'లో ధారావాహికగా వెలువడిన తండ్రి కథనం. అప్పటికి పెద్దకుమారునితో సంబంధాలు బాగా దెబ్బతిన్నాయి. మిగిలిన ముగ్గురు తనను ఉదారంగా క్షమించారన్నది కూడా ఆ కథనంలోని మాటే. ఆ ఇంట్లో పిల్లలతో అందరికంటె ఎక్కువ సమయం గడిపిన కస్తూర్బా స్వయంగా రాసిన వృత్తాంతం లేదు.