నలభై అయిదో రోజు

2020 మార్చి 17. మంగళవారం రాత్రి.

లండన్‌కి పడమర, స్లౌలో ఓ చిన్న ఇల్లు. వంటగది కిటికీ అద్దాలకి ఆవిరి పట్టింది. కుక్కర్ మూడో విజిల్ వేసింది. బల్ల మీద కొత్త కాంట్రాక్టు కాగితాలు పరుచుకుని కూర్చున్నాడతను. సంతకం పెట్టాల్సిన చోటికి పెన్ను వచ్చి ఆగిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది.

“టీవీ పెట్టు బాసూ. ఆపేశారు!”

పార్లమెంటులో ట్రెజరీ మంత్రి స్టీవ్ బార్క్లే లేచాడు. ఏప్రిల్ 6 నుంచి ప్రైవేటు కంపెనీలకి రావాల్సిన ఆఫ్-పేరోల్ పన్ను నిబంధనలు, కరోనా దెబ్బకి దేశమంతా తలుపులు మూసుకుంటున్న ఈ సమయంలో, ఇంకో ఏడాది ఆగుతాయన్నాడు. ఆ వెంటనే ఒక మెలిక పెట్టాడు. ఇది వాయిదా మాత్రమే. రద్దు కాదు.

“గండం గడిచినట్టేనాండీ?” గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది భార్య.

“ఏడాదికి గడిచింది. ఆ తర్వాతేమిటో తెలీదు.”

ఈ గండం వయసు అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది. శుక్రవారం ఉద్యోగానికి రాజీనామా. సోమవారం సొంత లిమిటెడ్ కంపెనీ పేరుతో అదే కుర్చీ, అదే పని. పన్ను మాత్రం తక్కువ. ఆ దారి మూసేస్తామని 1999 మార్చి 9న బ్రిటన్ పన్ను శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. దాని నంబరు 35. అందుకే అందరి నోటా ఐఆర్ 35 అయింది. 2000 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. నువ్వు ఉద్యోగి లాంటివాడివైతే ‘ఇన్‌సైడ్’. నిజంగా సొంత వ్యాపారమైతే ‘ఔట్‌సైడ్’. ఏదో తేల్చుకునే బాధ్యత ఇన్నాళ్లూ కాంట్రాక్టరుదే. 2017లో ప్రభుత్వ రంగంలో ఆ కలం పని ఇచ్చేవాళ్ల చేతికి వెళ్లింది. ఇప్పుడు పెద్ద, మధ్యతరహా ప్రైవేటు కంపెనీల వంతు.

ఏడాది ఇట్టే కరిగిపోయింది.

2021 మార్చి. ఇన్‌బాక్స్‌లో ఒక మెయిల్. స్టేటస్ డిటర్మినేషన్ స్టేట్‌మెంట్. రెండు పేజీలు. అతని కళ్లు నేరుగా చివరి పేరాకి పరిగెత్తాయి. ‘ఇన్‌సైడ్.’

పక్క టీములో డేటాబేస్ మనిషికి ఫోన్ చేశాడు. అతనికీ ఇన్‌సైడే. టెస్టింగ్ అమ్మాయికీ ఇన్‌సైడే. ముగ్గురివీ మూడు రకాల పనులు. మూడు మెయిళ్లలోనూ అవే వాక్యాలు, కామాలతో సహా.

“కాంట్రాక్టులో నా బదులు ఇంకొకర్ని పంపే హక్కుంది కదా? ఉద్యోగికి అది ఉండదుగా?” మేనేజర్‌ని అడిగాడు.

“కాగితం మీద ఉంది. నిజంగా పంపితే మేం ఒప్పుకోం.” ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించాడు మేనేజర్. “ఔట్‌సైడ్ అని రాసి రేపు తప్పని తేలితే, పన్ను బిల్లు మా మెడకి చుట్టుకుంటుంది. ఇన్‌సైడ్ అంటే మాకు ఏ గొడవా లేదు.”

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2020-21కి గాను ఉపాధి, పింఛన్ల శాఖ ఒక్కటే, తన కాంట్రాక్టర్లని తప్పుగా లెక్కగట్టినందుకు 8 కోట్ల 79 లక్షల పౌండ్లు పన్ను శాఖకి కట్టాల్సి వచ్చింది. ప్రభుత్వ శాఖకే తేలని లెక్క అది. ప్రైవేటు కంపెనీ ఎందుకు సాహసిస్తుంది?

అతనికి ఒక్క దారి మిగిలింది. అభ్యంతరం రాసి పంపొచ్చు. 45 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వాల్సింది మాత్రం ఎవరు ‘ఇన్‌సైడ్’ అని రాశారో, వాళ్లే.

ఏప్రిల్ 6న పంపాడు. అదే వారం, కాంట్రాక్టర్లని తన ఉద్యోగులుగా చూపి జీతమిచ్చే అంబ్రెల్లా కంపెనీలో చేరాడు. గత్యంతరం లేదు.

మొదటి పేస్లిప్ తెరిచాడు. రోజుకి 500 పౌండ్లు, వారానికి 2,500. కింద మొదటి గీతలో అంబ్రెల్లా వాళ్ల ఫీజు 25. తర్వాత యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్, 278. ఆపైన అప్రెంటిస్‌షిప్ లెవీ, 11. తన ఇన్‌కమ్ ట్యాక్స్ ఇంకా మొదలే కాలేదు. అప్పటికే 314 పౌండ్లు ఎగిరిపోయాయి. యజమాని వాటా కూడా తన రేట్లోంచే. సెలవు జీతమని ఇంకో గీత ఉంది. చూస్తే అదీ తన రేట్లోంచే తీసి తనకే ఇస్తున్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ రాత్రి తెనాలి నుంచి నాన్న ఫోను.

“ఏరా, ఇంతకీ నువ్వు ఉద్యోగివా, కంపెనీ యజమానివా?”

“పన్ను కట్టేటప్పుడు ఉద్యోగిని నాన్నా.”

“మరి తీసేసేటప్పుడు?”

జవాబు దొరకలేదు. సరిగ్గా ఆ ప్రశ్నే ఏడాది కిందట బ్రిటన్ ఎగువ సభ కమిటీ ప్రభుత్వాన్ని నిలదీసింది. ఉద్యోగిలా పన్ను వసూలు చేస్తూ ఉద్యోగి హక్కులు ఇవ్వకపోవడం న్యాయం కాదని 2020 ఏప్రిల్‌లో నివేదికే ఇచ్చింది. నిబంధనలు మాత్రం వచ్చేశాయి.

మే నెల. వాన వదలకుండా కురుస్తోంది. నలభయ్యో రోజు మెయిల్ లేదు. నలభై నాలుగో రోజూ లేదు. నలభై అయిదో రోజు సాయంత్రం ఫోన్ కిర్రుమంది. ఒక్కటే పేరా. ‘మీ అభ్యంతరాన్ని పరిశీలించాం. మా నిర్ణయంలో మార్పు లేదు.’

2022 సెప్టెంబరు 23, శుక్రవారం ఉదయం. ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్ దిగువ సభ కామన్స్‌లో లేచి, 2017, 2021 మార్పులు రెండింటినీ వచ్చే ఏప్రిల్‌తో ఎత్తేస్తామనగానే, స్లౌ నుంచి రీడింగ్ దాకా వాట్సాప్ గ్రూపులన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి, మూతపెట్టిన లిమిటెడ్ కంపెనీలని మళ్లీ తెరవాలంటూ అకౌంటెంట్లకి ఫోన్లు మోతెక్కాయి, ఆ రాత్రి ఆ ఇంట్లో పాయసం కాచారు.

అక్టోబరు 14న క్వార్టెంగ్ పదవి ఊడింది.

17న, సోమవారం, కొత్త ఆర్థికమంత్రి జెరెమీ హంట్ టీవీ తెర మీదకొచ్చాడు. వెనక్కి తీసుకుంటున్నవాటి జాబితా చదవసాగాడు. ఇద్దరూ సోఫా అంచున కూర్చున్నారు. ఒకటి. ఇంకొకటి. ఆఫ్-పేరోల్ కూడా వచ్చింది. రద్దే రద్దయింది.

“24 రోజుల ముచ్చట,” అంది ఆమె. “ఇప్పుడేం చేస్తారు?”

అతను అప్పటికే ఇంకో కాంట్రాక్టు తెరిచాడు. ముప్పై మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. రేటు రోజుకి 80 పౌండ్లు తక్కువ. కానీ చట్టం లెక్కలో ‘చిన్న కంపెనీ’. అక్కడ ఇన్‌సైడా ఔట్‌సైడా తేల్చాల్సింది ఇప్పటికీ కాంట్రాక్టరే.

“తప్పయితేనో?”

“పన్ను, వడ్డీ, జరిమానా అన్నీ మన కంపెనీ మీదే పడతాయి.”

ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఒక్కో క్లాజూ గట్టిగా చదివారు. పని ఎలా చేయాలో చెప్పేదెవరు? బదులు మనిషిని పంపితే నిజంగా రానిస్తారా? ఈ పని అయిపోయాక ఇంకో పని ఇచ్చి తీరాలన్న బాధ్యత వాళ్లకుందా? చేయాల్సిన బాధ్యత మనకుందా? ప్రతి ప్రశ్న కింద జవాబు, ఆ జవాబుకి రుజువు ఎక్కడుందో రాసుకున్నాడు. బదులు మనిషి సంగతి కాగితాన్ని నమ్మలేదు. ఆ సంస్థ యజమానికే ఫోన్ చేసి అడిగాడు. “పని తెలిసినవాళ్లయితే ఎవరైనా సరే” అన్నాడాయన. ఆ మాట మెయిల్లో పెట్టమన్నాడు. పెట్టాడు.

రెండేళ్లలో మొదటిసారి ఎవరో అతని పని గురించి అడిగి, విని, ఆ తర్వాతే మాటిచ్చారు.

ఈసారి పెన్ను ఆగలేదు.