చిక్కులెక్కల పాత కథ

కొమ్మకొక పక్షి వ్రాలినచో ఒక పక్షికి చోటు లేదు. కొమ్మకు రెండేసి వ్రాలినచో ఒక కొమ్మ మిగులును. పక్షులెన్ని, కొమ్మలెన్ని? ఈ ప్రశ్న విననివారు మన పల్లెలలో అరుదు. పక్షులు నాలుగు, కొమ్మలు మూడు అని బాలురు తడుముకొనక చెప్పుదురు. అరుగులమీద ప్రొద్దుపుచ్చుటకు పుట్టినవని పెద్దలు కొందరు ఇట్టి లెక్కలను తేలికగా చూతురు. కాని వీనికొక చరిత్ర కలదు. అందు తెలుగువారికిని భాగము కలదు. ఈ రజతోత్సవ సంచికలో ఆ ముచ్చట కొంత వ్రాయుట ఉచితమని తలంచితిని.

క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని ఏలుబడిలో, మహావీరాచార్యుడను జైనపండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమను గ్రంథమును రచించెను. పాతకాలపు లెక్కలనగానే మనకు లీలావతి స్ఫురించును. భాస్కరాచార్యుడు దానిని వ్రాసినది 1150లో. మహావీరుని గ్రంథము దానికంటె మూడువందల యేండ్లు పెద్దది. సంగీతము, నాటకము, వంటకము, వైద్యము, వాస్తువు, వీనన్నిటను గణితమునకు గౌరవము కలదని ఆయన ఆదిలోనే చెప్పుకొనెను. చెప్పి ఊరకుండలేదు, లోకములోని మనుష్యులనే లెక్కలలో నిలిపెను.

ముగ్గురు వర్తకులు త్రోవలో ఒక డబ్బుసంచి పడియుండగా చూచిరి. మొదటివాడు, "ఇది నాకు దక్కినచో మీ యిద్దరి సొమ్ము కలిపినదానికి నేను రెండింతలు కలవాడ నగుదును" అనెను. రెండవవాడు తనకు దక్కినచో మూడింతలనెను, మూడవవాడు అయిదింతలనెను. ఎవరియొద్ద ఎంత, సంచిలో ఎంత?

బీజగణితము రానివారును దీనిని సాధింపవచ్చును. సంచితో కూడ అందరి సొమ్మును ఒక రాశి యనుకొనుడు. మొదటివానికి సంచి దక్కినప్పుడు వానిది రెండు పాళ్లు, తక్కిన యిద్దరిది ఒక పాలు. కనుక ఆ యిద్దరి సొమ్ము మొత్తమున మూడవ వంతు. ఇట్లే రెండవవాడు కాక తక్కినవారిది నాలుగవ వంతు, మూడవవాడు కాక తక్కినవారిది ఆరవ వంతు. మొత్తమును 24 అనుకొన్నచో ఈ జంటల సొమ్ము 8, 6, 4, కలిపిన 18. ఇందు ప్రతివాడును రెండుమారులు లెక్కకు వచ్చెను గనుక ముగ్గురి సొమ్ము 9, సంచిలోనిది 15. వర్తకులవి వరుసగా 1, 3, 5. ఏల 24 అందురా? 12 పట్టి చూడుడు, అరలు వచ్చును. 48 పట్టినను తప్పులేదు, అన్నియు రెట్టింపగును. ప్రతి లెక్కకు జవాబు ఒక్కటే యుండవలెనని పట్టుపట్టు పిల్లవానికి ఇది మంచి మందు.

ఆయన కంఠహారములని కొన్ని గుణకారములను కూర్చెను. 152207ను 73చే గుణించిన 11111111 వచ్చును. హారమునువలె ఏ కొస నుండి చూచినను ఒక్కటే.

ఈ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఆయన పదునొకండవ శతాబ్దివాడని పలువురి మతము. మూలమున జైనచ్ఛాయ యున్నచోట్ల మల్లన శివుని నిలిపెను. ఇది కేవల మతాభిమానమని కొట్టివేయరాదు. చదువరి యెరిగిన లోకములోనే లెక్కను పెట్టవలెనని ఆయన తలంచెనని నా నమ్మకము.

మల్లన పేర ప్రసిద్ధమైన పద్యమొకటి చదరంగమును గూర్చినది. మొదటి గడికి ఒకటి, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు 64 గళ్లకు రెట్టించుచు పోయిన మొత్తమెంత? అల్ బీరూనీ 1000వ సంవత్సర ప్రాంతమున ఈ మొత్తమునే అరబ్బీలో గణించెను. మూడు గళ్లకు మొత్తము 7, నాలుగవ గడి 8. ఎంత దూరము పోయినను మొత్తము రాబోవు గడికి ఒకటి తక్కువ. ఆ లెక్కన 64 గళ్లకు 18446744073709551615. పద్యములో అంకె యొక్కటియు లేదు. బాణమనిన మన్మథుని బాణములు అయిదు, చంద్రుడనిన ఒకటి, ఆకాశమనిన సున్న, వేదమనిన నాలుగు, పర్వతమనిన ఏడు, ఏనుగనిన దిగ్గజములు ఎనిమిది. ఒకట్ల స్థానము మొదలు ఎడమకు చదువవలెను. కనుక పద్యము బాణముతో మొదలై సంఖ్య చంద్రునితో ముగియును.

ఇది చమత్కారము మాత్రమే కాదు. తాటాకుపై గంటముతో ఇరువది అంకెలు గీయు లేఖకుడు ఒకదానిని మార్చినచో కనిపెట్టువాడెవడు? పద్యములో మాట జారినచో గణము చెడును, యతి చెడును, వినువాని చెవి పట్టుకొనును. మహావీరుని మూలమైనను ఇట్టి చేతివ్రాతలలోనే వేయి యేండ్లకు పైగా బ్రతికి, ఎం. రంగాచార్యులుగారు ఆంగ్లానువాదముతో సిద్ధపరుపగా 1912లో మద్రాసున అచ్చయ్యెను.

ఏ యింటి అటకమీదనైనను పాత తాటాకు కట్టలున్నచో, చెదలకు వదలక, పొయ్యిలో పెట్టక, ముందు గ్రంథాలయమునకు తెచ్చి చూపింపుడు. ఏ కట్టలో ఏ లెక్క యున్నదో విప్పినగాని తెలియదు.

మహావీరునిదే మరియొకటి చెప్పి విరమింతును. ప్రణయకలహమున ఒక స్త్రీ ముత్యాలహారము తెగెను. ముత్యములలో మూడవ వంతు చెలికత్తె చెంతకు, ఆరవ వంతు పాన్పుపైకి చేరెను. మిగిలినవానిలో సగము, ఆ మిగిలినవానిలో మరల సగము, ఇట్లు ఆరుమారులు నలుదెసలకు చెదరెను. చివరకు 1161 మిగిలెను. హారమున ముత్యములెన్ని? జవాబు లక్షన్నరకు కొంచెము తక్కువ యని మాత్రము చెప్పుదును.