నార్నియా నవలలు: చదివే వరస

బెల్‌ఫాస్ట్‌లో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యం బోధించిన సి. ఎస్. లూయిస్ (1898–1963) పిల్లల కోసం ఏడు నవలలు రాశాడు. అన్నిటికీ కలిపి 'ద క్రానికల్స్ ఆఫ్ నార్నియా' అని పేరు. వీటిని చదవడానికి రెండు వరసలు వాడుకలో ఉన్నాయి. అచ్చయిన వరసలో మొదటిది 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్'. కథ జరిగిన కాలాన్ని బట్టి చూస్తే మొదటిది 'ద మెజీషియన్స్ నెఫ్యూ'. ఆఖరుది ఎటు చూసినా 'ద లాస్ట్ బ్యాటిల్' కాబట్టి దాని మీద పేచీ లేదు. నిజానికి రెండు వరసల మధ్య చోటు మారేవి రెండే పుస్తకాలు: 'మెజీషియన్స్ నెఫ్యూ', 'ద హార్స్ అండ్ హిజ్ బాయ్'. తక్కినవి వాటి వెనక జరుగుతాయి, అంతే.

రాసిన వరస

అచ్చు వరస, కథాకాలం వరస కాక మూడోది కూడా ఉంది. అది లూయిస్ రాసిన వరస. 1949 మార్చిలో అతను తన మిత్రుడు రోజర్ లాన్సెలిన్ గ్రీన్‌కు 'లయన్' మొదటి అధ్యాయాలు చదివి వినిపించాడు. గ్రీన్‌కు నచ్చాయి. అంతకుముందు విన్న టోల్కీన్‌కు నచ్చలేదు. ఆ నెలాఖరుకే పుస్తకం పూర్తయింది. మొత్తం వరసకు 'క్రానికల్స్' అన్న పేరు సూచించినవాడు కూడా గ్రీనే.

'లయన్' ముగించేనాటికి రెండో పుస్తకం ఆలోచన లూయిస్‌కు లేదు. ఆ వేసవిలో 'లయన్'లో కనిపించే ప్రొఫెసర్ కర్క్ బాల్యాన్ని గురించి ఒక కథ ఎత్తుకుని, నడవక, పక్కన పెట్టాడు. తర్వాత 'మెజీషియన్స్ నెఫ్యూ'గా మారింది ఆ బీజమే. దాని బదులు 'ప్రిన్స్ కాస్పియన్' రాశాడు. 1950 ఫిబ్రవరికల్లా 'ద వాయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్', అదే ఏడు వేసవికి 'హార్స్' పూర్తయ్యాయి. అంటే 1950 అక్టోబర్ 16న లండన్‌లో జెఫ్రీ బ్లెస్ సంస్థ మొదటి పుస్తకాన్ని విడుదల చేసేనాటికే నాలుగు నవలలు సిద్ధంగా ఉన్నాయి. 1951 మార్చిలో 'ద సిల్వర్ చెయిర్', 1953లో 'లాస్ట్ బ్యాటిల్' ముగిశాయి. పక్కన పడేసిన కథ అన్నిటికంటే చివర, 1954లో ఒక కొలిక్కి వచ్చింది. నార్నియా పుట్టుకను చెప్పే నవల నార్నియా అంతాన్ని చెప్పే నవల తర్వాత పూర్తయిందన్నమాట.

ప్రచురణకర్తలు ఏడాదికొకటి చొప్పున విడుదల చేశారు. 1951లో 'కాస్పియన్', 1952లో 'డాన్ ట్రెడర్', 1953లో 'సిల్వర్ చెయిర్', 1954లో 'హార్స్' వచ్చాయి. చివరి రెండూ (1955, 1956) బాడ్లీ హెడ్ ప్రచురణలు. ఏడింటికీ బొమ్మలు వేసిన పాలీన్ బేన్స్ పనితనం ఈ పుస్తకాల పేరుప్రతిష్ఠల్లో చిన్న భాగం కాదు. 'లాస్ట్ బ్యాటిల్'కు కార్నెగీ పతకం దక్కింది.

'హార్స్' ముందు రాసి తర్వాత అచ్చు కావడం వల్ల ఒక ముచ్చట జరిగింది. 'సిల్వర్ చెయిర్'లో విందు ముగిశాక ఒక అంధకవి ముందుకు వచ్చి, యువరాజు కోర్, అరావిస్, బ్రీ అనే గుర్రం కథ చెబుతాడు. 1953 నాటి పాఠకులకు ఆ పేర్లు కొత్త. మరుసటి ఏడు ఆ కథే పుస్తకమై చేతికి వచ్చింది. కథాకాలం ప్రకారం చదివేవారికి మాత్రం అది అప్పటికే చదివేసిన సంగతి.

1957 ఉత్తరం

కథాకాలం పక్షం వారు ప్రధానంగా చూపే ఆధారం 1957 ఏప్రిల్‌లో లూయిస్ ఒక అమెరికన్ బాలుడికి రాసిన జవాబు. అచ్చయిన వరసలోనే చదవాలని తల్లి, కథ జరిగిన వరసలో చదవాలని కొడుకు వాదించుకుని రచయితనే తీర్పు అడిగారు. లూయిస్ పిల్లవాడి వైపే కొంచెం మొగ్గాడు. అయితే ఉత్తరం అక్కడితో ఆగదు. ఈ వరసకు ముందుగా పథకమంటూ ఏదీ లేదని, 'కాస్పియన్' రాసినప్పుడు అదే ఆఖరనుకున్నానని, 'డాన్ ట్రెడర్' తర్వాత కూడా అలాగే అనుకుని పొరపడ్డానని చెప్పి, ఏ వరసలో చదివినా పెద్దగా తేడా ఉండకపోవచ్చునని తేల్చాడు. రాసిన వరసలోనే అచ్చయ్యాయో లేదో కూడా తనకు గట్టిగా గుర్తులేదన్నాడు. పిల్లవాడిని నొప్పించని ఈ ఉదారమైన జవాబు తర్వాతి కాలంలో శాసనంలా చలామణీ అయింది. ఈ ఉత్తరం 'లెటర్స్ టు చిల్డ్రన్' (1985) సంపుటంలో ఉంది.

చివరి రోజుల్లో తన కార్యదర్శిగా పనిచేసిన వాల్టర్ హూపర్‌కు కూడా లూయిస్ కథాకాలం వరసే చెప్పాడని హూపర్ నమోదు చేశాడు. నార్నియా చరిత్రకు లూయిస్ తయారుచేసిన కాలపట్టిక కూడా హూపర్ ద్వారానే వెలుగు చూసింది. అందులో సృష్టి 1వ సంవత్సరం, 'లయన్' కథ 1000, 'హార్స్' 1014, 'కాస్పియన్' 2303, ప్రళయం 2555. మన లెక్కలో ఇదంతా 1900కీ 1949కీ మధ్య జరిగినట్టు. నవలల్లో అక్కడక్కడ కలవని సంగతులను సరిదిద్దాలన్న కోరిక ఉందని లూయిస్ చనిపోయే ముందు పఫిన్ సంపాదకురాలు కే వెబ్‌తో అన్నాడు. ఆ పని జరగకుండానే 1963 నవంబర్ 22న కన్నుమూశాడు.

తర్వాతి మూడు దశాబ్దాల్లో పేపర్‌బ్యాక్‌లు లక్షల్లో అమ్ముడయ్యాయి. అమెరికాలో మాక్మిలన్ సంస్థ అచ్చయిన వరసకే అంకెలు వేసింది.

1994 అంకెలు

1994లో ప్రపంచవ్యాప్తంగా ఈ పుస్తకాలను ఒకే తీరున వెలువరించిన హార్పర్‌కాలిన్స్ ఆ అంకెలను మార్చింది. 'మెజీషియన్స్ నెఫ్యూ' 1 అయింది, 'లయన్' 2 అయింది. రచయిత కోరుకున్న వరస ఇదేనని పుస్తకంలోనే ఒక ప్రకటన కూడా చేర్చారు. లూయిస్ సవతి కొడుకు డగ్లస్ గ్రెషమ్ దీన్ని సమర్థించాడు. రచయిత ఇష్టానికి ఇంత విలువ ఇచ్చిన ఆ ప్రచురణే, అమెరికన్ ప్రతుల కోసం లూయిస్ స్వయంగా చేసిన దిద్దుబాట్లను పక్కన పెట్టి పాత బ్రిటిష్ పాఠానికి వెళ్లిపోయింది. 'లయన్'లో మంత్రగత్తె కొలువులోని తోడేలుకు అమెరికన్ ప్రతిలో ఫెన్రిస్ ఉల్ఫ్ అని పేరు. 1994 తర్వాత అది మళ్లీ మాగ్రిమ్ అయింది.

వాదాలు

కథాకాలం వరసకు ఉన్న బలం సూటిదనం. నార్నియా పుట్టడం, పెరగడం, అంతం కావడం ఒక పురాణంలా నడుస్తాయి. రెండోసారి చదివేవారికి ఇది నిజంగా బాగుంటుంది. కానీ ఈ వరస కూడా పూర్తిగా కుదరదు. 'హార్స్' కథ జరిగేది 'లయన్' తర్వాత కాదు. 'లయన్' చివరి అధ్యాయంలో, ఆ కథలోని నలుగురు పిల్లలూ రాజులు, రాణులై ఏలుతున్న రోజుల్లో జరుగుతుంది. కాలాన్ని కచ్చితంగా పాటించాలంటే ఒక పుస్తకాన్ని మధ్యలో మూసి ఇంకోటి చదివి రావాలి.

'కంపానియన్ టు నార్నియా' (1980) రచయిత పాల్ ఫోర్డ్, 'ఇమాజినేషన్ అండ్ ద ఆర్ట్స్ ఇన్ సి. ఎస్. లూయిస్' (2002) రాసిన పీటర్ షేకెల్ అచ్చయిన వరసనే సమర్థించారు. షేకెల్ వాదన పుస్తకంలోంచే పుడుతుంది. 'లయన్'లో బీవర్ మొదటిసారి అస్లాన్ పేరు ఎత్తగానే నలుగురు పిల్లల ఒళ్లూ ఒక్కొక్కరికి ఒక్కో తీరున జలదరిస్తుంది. ఆ పేరు ఎవరిదో పిల్లలకు తెలియదు, పాఠకుడికీ తెలియదన్నట్టే కథకుడు చెబుతాడు. 'మెజీషియన్స్ నెఫ్యూ' చదివి వచ్చిన పాఠకుడికి అస్లాన్ అనే సింహం ముందే పరిచయం. అక్కడ అస్లాన్ పాట పాడి లోకాన్ని సృష్టించడం అతను చూసే ఉంటాడు.

మంచు అడవి మధ్య ఒంటరిగా వెలిగే దీపస్తంభం సంగతీ అంతే. ఆ నలుగురిలో ఒకరైన లూసీ బీరువాలోని కోట్ల మధ్యనుంచి నడిచి వచ్చి మొదట చూసేది దాన్నే. అది అక్కడికి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. మాంత్రికురాలు జాడిస్ లండన్ వీధిలో విరిచి తెచ్చిన ఇనుప కడ్డీని అస్లాన్ మీదికి విసిరితే, అది అప్పుడే పుట్టిన నేలలో పడి దీపస్తంభంగా మొలిచిందని 'మెజీషియన్స్ నెఫ్యూ' చెబుతుంది. ఆ బీరువా ఏ చెట్టు కలపతో చేసిందో కూడా చెబుతుంది. ఇవి లూయిస్ ఇచ్చిన జవాబుల్లో అందమైనవి. ప్రశ్న కలగకముందే జవాబు విన్న పాఠకుడికి ఆ అందం సగమే అందుతుంది.

తెరమీదికి తెచ్చినవారు చాలాకాలం 'లయన్'తోనే మొదలుపెట్టారు. 1988 నాటి బీబీసీ ధారావాహిక, 2005 నాటి సినిమా రెండూ అంతే. బీబీసీ 'సిల్వర్ చెయిర్' వరకు, సినిమాలు 'డాన్ ట్రెడర్' (2010) వరకు వచ్చి ఆగాయి. 2018లో హక్కులు పొందిన నెట్‌ఫ్లిక్స్ కోసం దర్శకురాలు గ్రెటా గెర్విగ్ ఎంచుకున్న మొదటి కథ మాత్రం 'మెజీషియన్స్ నెఫ్యూ'. హార్పర్‌కాలిన్స్ పెట్టె సెట్లలో ఇప్పటికీ 1994 అంకెలే ఉన్నాయి. అందువల్ల అచ్చయిన వరసలో చదివించదలచినవారు పిల్లల చేతికి ముందుగా 2 అంకె ఉన్న పుస్తకం ఇచ్చి, ఆపైన 4, 5, 6, 3, 1, 7గా వెళ్లాలి.