ఊరూ వాడా – 9: పటం మీద గీత



జోనింగ్ అంటే ఊరి పటం మీద గీతలు గీసి, ఈ భాగంలో ఇవే కట్టాలి, ఇంత స్థలంలోనే కట్టాలి అని చెప్పే చట్టం. మాట కొత్తది, పని పాతది. మా నందికొట్కూరు వైపు పల్లెలు చూడండి. ఊరు ఒక పక్క, మాలగేరి, మాదిగగేరి ఇంకో పక్క. ఆ గీతను ఏ ఇంజనీరూ గీయలేదు, ఏ గెజెట్‌లోనూ అచ్చు కాలేదు. అయినా తరతరాలు నిలిచింది.

దాని వెనక అంటరానితనమే కాదు, కూలి లెక్క కూడా ఉంది. 1891లో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమన్‌హీర్ మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చాడు. పరయర్ల గుడిసె కింద నేల భూస్వామి చేతిలో ఉంది, ఎదురు తిరిగితే గుడిసె పీకించగలడు, అందుకే వాళ్లకు ఇంటి స్థలం మీద హక్కు కావాలన్నది దాని సారాంశం. మన కర్నూలు జిల్లా కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1920 తర్వాత లేబర్ కమిషనర్ శాఖ అణగారిన కులాలకు స్థలాలు సేకరించి ఇచ్చింది, ఆ ఖర్చును వాయిదాల్లో మనవాళ్ల దగ్గరే వసూలు చేసింది. 1975లో ఇందిరాగాంధీ 20 సూత్రాల కార్యక్రమం వచ్చింది. కాలనీలు వచ్చాయి. గుడిసె పోయి మిద్దె లేచింది. గీత మాత్రం కదల్లేదు.

అమెరికాలోనూ ఇదే కథ. తెల్లవాళ్లు ఎక్కువున్న వీధిలో నల్లవాళ్లు ఉండకూడదన్న లూయీవిల్ నగర చట్టాన్ని 1917లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే కోర్టు 1926లో యూక్లిడ్ కేసులో జోనింగ్‌ను సమర్థించింది. విడి ఇళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంటును పరాన్నజీవితో పోల్చింది. జాతి పేరెత్తక్కర లేకుండానే, ఇంటి సైజుతో పేదల్ని బయట పెట్టొచ్చని తేలింది. వందేళ్లకు ఇప్పుడు సరిదిద్దుకుంటున్నారు. విడి ఇళ్ల వీధుల్లో రెండు మూడు వాటాల ఇళ్లు కట్టుకోవచ్చని 2018లో మినియాపొలిస్ నగరం నిర్ణయించింది. 2019లో ఒరెగాన్ రాష్ట్రం అలాంటి చట్టమే చేసింది.

ఇక మన రాజధాని. 2014 సీఆర్డీఏ చట్టం 53వ సెక్షన్‌లోనే ఉంది: పూలింగ్ భూమిలో కనీసం 5 శాతం పేదల ఇళ్లకు ఉంచాలని. 2020లో అక్కడ బయటి పేదలకు స్థలాలు ఇవ్వబోతే వ్యవహారం కోర్టుకెక్కింది. పేదలొస్తే జనాభా సమతుల్యత దెబ్బతింటుందని కోర్టులో వాదించారని నాటి ముఖ్యమంత్రి జగన్ పదేపదే చెప్పారు. 2022లో చట్టం సవరించారు, 2023 మార్చిలో ఆర్-5 జోన్ వచ్చింది. మే 26న వెంకటపాలెంలో 50,793 మందికి పట్టాలిచ్చారు. జూలై 24న కృష్ణాయపాలెంలో ఇళ్లకు శంకుస్థాపన చేశారు. పది రోజులకే, ఆగస్టు 3న, హైకోర్టు నిర్మాణాలపై స్టే ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. పట్టా పట్టుకున్న అక్కచెల్లెళ్లకు ఇల్లు మిగల్లేదు.

భూములిచ్చిన రైతుల బాధను కొట్టిపారేయను. వాళ్లలో అసైన్డు భూములున్న దళిత రైతులూ ఉన్నారు. మాస్టర్ ప్లాన్ నమ్మి సంతకం పెట్టినవాళ్లు ప్లాన్ మారిస్తే అడుగుతారు, అడగాలి. కానీ పరిహారం అడగడం వేరు, పేదోడు పక్కన ఉంటేనే నగరం చెడిపోతుందనడం వేరు. మొదటిది హక్కు. రెండోది పాత గీతే.

ఆర్-5ను తెచ్చినవాళ్లనూ ఒక మాట అడగాలి. ఒక్కొక్కరికి సెంటు, అంటే 48 గజాలు. పేదలందరినీ ఒకే జోన్‌లో కుప్పబోసి, దానికి వేరే పేరు పెడితే అది సిమెంటు గేరి కాదా? ఆర్-1 నుంచి ఆర్-4 దాకా నివాస జోన్లు ముందే ఉన్నాయి కదా. వాటి మధ్యలో మాకు చోటెందుకు లేదు?

జోన్ మారినంత మాత్రాన మనసులు మారవని నాకు తెలుసు. అద్దె ఇల్లు అడగబోతే "మీరేమోళ్లు?" అన్న ప్రశ్న నాకూ ఎదురైంది. జవాబు విన్నాక ఆ ఇల్లు "చుట్టాలకు ఇచ్చేశాం" అయింది. అయితే యజమాని మనసు మారేదాకా చట్టం ఆగాలా? అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది మనసులు మారాక కాదు.

నందికొట్కూరు 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మన సీటు కోసం మనవాళ్లనే నిలబెట్టి అన్ని పార్టీలూ ఓట్లడుగుతాయి. ఈసారి వస్తే ఒక్కటే అడగండి: మున్సిపాలిటీలో కొత్త లేఅవుటు వేసిన ప్రతిచోటా, వీధి మధ్యలో, చిన్న స్థలాలు, చిన్న వాటాలు మాకు దక్కేలా రూలు తెస్తారా? ఊరి బయట ఇంకో కాలనీ చూపిస్తామంటే మాత్రం, అది మాకు ముందే ఉందని చెప్పండి.

జై భీమ్.